ఏనుగు లేచే నలభై నిమిషాలు

మావటి మీట నొక్కాడు. నల్లపెట్టె ఒకసారి గుర్రుమంది, ఇంకోసారి కాస్త గట్టిగా గుర్రుమంది, ఆ తర్వాత లోపలి పంకాలన్నీ ఒక్కపెట్టున అందుకున్నాయి. కోడిగుడ్డు ఆకారంలో, నిమిషాలు లెక్కపెట్టి మోగే తెల్లటి వంటింటి గంటను నలభై అంకె దగ్గరికి తిప్పి, ఆ పెట్టె నెత్తిన పెట్టాడు. అది టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టాకే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గోడ గడియారంలో సరిగ్గా ఎనిమిదైంది. ఎనిమిదీ నలభైకి గంట మోగుతుంది, ఏనుగు లేస్తుంది. పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

ఏనుగంటే అడవిలోది కాదు, ఆ నల్లపెట్టెలో నడిచే సర్వరు. ఆఫీసులో ఎవరు ఏ ప్రోగ్రాము రాసినా, అది నడుస్తుందో లేదో చూసుకోవాలంటే దీనిమీదికి ఎక్కించాల్సిందే. ఇదేమో లేచిందంటే తనకు తెలిసిన విద్యలన్నీ ఒకదాని వెనక ఒకటి విప్పుకుంటూ కూర్చుంటుంది. డేటాబేసుకు దారి వేసేది, ఈమెయిలు ఉత్తరాలు పంపేది, పనుల్ని వరసలో నిలబెట్టేది, ఇంకా ఎవరూ ఎన్నడూ వాడని వంద రకాలు. నీకు ఇందులో ఏం కావాలయ్యా అని ఒక్కమాట అడిగిన పాపాన పోదు. రాసినదాంట్లో ఒక్క అక్షరం దిద్దినా సరే, మళ్ళీ ఆపాలి, మళ్ళీ ఎక్కించాలి, మళ్ళీ నలభై నిమిషాలు. విసిగిపోయిన మహానుభావుడెవడో దానికి ఏనుగని పేరు పెట్టి తన దారిన తను వెళ్ళిపోయాడు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఇతను మావటయ్యాడు. అసలు పేరు మెళ్ళో వేలాడే కార్డుమీద ఉంది గానీ, దాన్ని చదివినవాడు లేడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ గది ఎప్పుడూ మంచులా ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో కూడా ఊదారంగు స్వెట్టరు తప్పదు. మోచేతుల దగ్గర దారాలు లేచిపోతే అక్క రెండు వేరువేరు రంగుల గుడ్డలు వేసి కుట్టింది. కిందికి ఉన్న తెరలోకి వంగివంగి మెడ ముందుకు సాగిపోయింది. రోజూ ఆ గంట తిప్పే కుడి బొటనవేలి కొసన చర్మం గట్టిపడి కాయ కాసింది. నోట్లో నాలుక లేనివాడని అందరూ అనేమాట. నిజానికి అతనికి మాట్లాడటం ఇష్టమే, అడిగేవాళ్ళు ఉంటే.

ఆ గుడ్డుగంట అక్కది. ఏనుగు వచ్చిన కొత్తలో అది ఎంతసేపటికి లేస్తుందో లెక్క తెలియక, ఒక్కరోజుకని వంటింట్లోంచి పట్టుకొచ్చాడు. అంతే, అది ఇక్కడే ఉండిపోయింది. బావ పోయాక ఒక్క పెట్టెతో తమ్ముడి ఇంటికి వచ్చేసిన అక్క, నాటినుంచి నేటివరకు రోజూ గుమ్మంలో నిలబడి అడుగుతుంది. ఈ రోజు పొద్దున కూడా అడిగింది.

"ఒరేయ్, నా గంట ఎప్పుడు తెస్తావురా? ఇవాళా గుడ్లు రాళ్ళయిపోయాయి."

"రేపు తెస్తానక్కా."

"నీ రేపుకి పందొమ్మిదేళ్ళు నిండాయి. పెళ్ళి చేసుకోరా అన్నా రేపే అన్నావు. నీ రేపు తగలెయ్య!"

ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అని ఇతనూ అనడు, ఆవిడా అనదు. పొద్దున్నే ఇద్దరికీ ఆ నాలుగు మాటలు ఉండాలి. ఆ ఇంట్లో వేరే కబుర్లు ఏమున్నాయి గనక.

ఒకప్పుడు ఈ నలభై నిమిషాలు ఆఫీసుకి పండగ. ఏనుగు లేచేదాకా ఎవరికీ పని ఉండదు కదా, పన్నెండు పదిహేను మంది టీ కప్పులు పట్టుకుని గది బయట పొడుగు బెంచీమీద కూర్చునేవారు. ఆ బెంచీమీద రెండు పెళ్ళిళ్ళు కుదిరాయి. ఇద్దరు మొండిఘటాలు నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ మాట్లాడుకున్నారు. ఒకాయన తన తండ్రి పోయిన కబురు ఆ బెంచీమీదే విన్నాడు, చుట్టూ కూర్చున్న వాళ్ళలో ఒక్కరూ లేవలేదు. మధ్యమధ్య ఇతను తలుపులోంచి మెడ సాచి, "ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది, కూర్చోండి కూర్చోండి" అనేవాడు. తన ఇంట్లో పెళ్ళి జరుగుతున్నట్టు ఉండేది అతనికి.

రెండేళ్ళ కిందట పిట్ట వచ్చింది. పిట్ట కూడా సర్వరే, కాకపోతే బక్కది. దానికి పెద్దపెట్టె అక్కర్లేదు, చల్లగది అక్కర్లేదు, మావటి అసలే అక్కర్లేదు. ఎవరి ఒళ్ళో కంప్యూటర్లో వాళ్ళే పెట్టుకోవచ్చు. ఒక చిన్న ఫైలులో నాకు ఇది కావాలి, ఇది కావాలి అని నాలుగు వరసలు రాసి పెడితే ఆ నాలుగే తెచ్చుకుని, తుమ్మి ముక్కు తుడుచుకునేలోపల లేచి కూర్చుంటుంది. అక్షరం దిద్దితే తనంతట తనే పసిగట్టి దిద్దుకుంటుంది. ఎంత హాయి! పనులు పరిగెత్తాయి. మంచిదే, కాదనడానికి ఏముంది? బెంచీమీద ఇప్పుడు ఖాళీ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి.

ఒక్కొక్క ప్రోగ్రామే ఏనుగుమీంచి దిగి పిట్టమీదికి వెళ్ళిపోయింది. మిగిలింది ఒక్కటి, మందుల దుకాణాలది. ఏ మందు గడువు దాటబోతోందో చూసి, ఆ దుకాణానికి ఉత్తరం పంపి హెచ్చరిస్తుంది. పోయిన వారం పెద్దసారు ఇతన్ని పిలిచి, కుర్చీ చూపించకుండానే చెప్పాడు.

"ఇది కూడా పిట్టమీద నడిచిందంటే ఏనుగుకి సెలవండీ. మీకు కూడా. నడవలేదనుకోండి, ఇంకో రెండేళ్ళు దీన్ని భరించాల్సిందే. బుధవారం నాలుగింటిదాకా చూస్తా."

రెండేళ్ళయితే ఇతనికి అరవై నిండుతాయి, మర్యాదగా ఇంటికి వెళ్ళొచ్చు. ఈ వయసులో బయటికి పొమ్మంటే ఏనుగుని తప్ప మరో జంతువుని ఎరగని మావటిని ఎవడు తీసుకుంటాడు? ఇవాళే ఆ బుధవారం.

ఎనిమిదీ ఇరవైకి తలుపు తోసుకుని టెస్టింగు మేడం వచ్చింది. ప్రోగ్రాముల్ని నడిపి తప్పులు పట్టడం ఆమె పని. మందుల ప్రోగ్రామును పిట్టమీద నడిపించే బాధ్యతా ఆమెకే అప్పగించారు. ఈ నలభై నిమిషాల్లో ఇంకా ఈ గదికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. రోజూ ఇంటినుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి అరకప్పు టీ ఇతనికి పోస్తుంది. ఆ రోజు ధ్యాస ఎక్కడో పెట్టి పోసి, కాస్త స్టూలు అంచుమీద ఒలకబోసింది.

"పిట్టమీద ఉత్తరం పోవట్లేదన్నయ్యా. మిగతా అంతా బంగారంలా నడుస్తోంది. ఉత్తరం దగ్గరికి రాగానే 'తాత్కాలికం దొరకలేదు' అంటోంది. తాత్కాలికం ఏంటి, దాని మొహం! మూడురోజులుగా తల ప్రాణం తోకకొస్తోంది నాకు."

మావటి టీ ఒక గుక్క తాగాడు.

"నాలుగింటికి అవ్వకపోతే నువ్వు కూడా రానక్కర్లేదు అన్నాడు పెద్దసారు, మొహమ్మీదే. నేను పర్మనెంటు కాదు కదా. ఇంట్లో మామగారు మంచానపడి ఉన్నారు, పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. ఏం చెప్పాలో ఏంటో. మీ ఏనుగు దగ్గర దీని గురించి రాసిపెట్టిన కాగితాలేమైనా ఉన్నాయా అన్నయ్యా?"

"కాగితాలా... చూస్తానమ్మా" అని నీళ్ళు నమిలాడు.

ఆమె వెళ్ళిపోయింది. గంట మోగింది. ఏనుగు లేచింది. దానిమీదికి ఎక్కడానికి ఎవరూ రాలేదు.

కాగితాలు లేవు, ఎప్పుడూ లేవు. పందొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఉత్తరాలు పంపే దారిని ఏనుగు లోపల తన చేత్తోనే కలిపాడు. ఆ దారికో పేరు పెట్టమని తెర అడిగింది. తోచక 'తాత్కాలికం' అని కొట్టి, రేపు మంచి పేరు పెడదాంలే అనుకున్నాడు. మందుల ప్రోగ్రాము రాసినాయన ఆ పేరునే అందులో ఎక్కించి, ఆ తర్వాత ఊరు మారిపోయాడు. ఏనుగు అడక్కుండానే అన్నీ ఇచ్చేది కాబట్టి ఆ దారి ఒకటుందని కూడా ఎవరికీ తెలియలేదు. పిట్ట అడిగితేనే ఇస్తుంది. ఆ చిన్న ఫైలులో ఉత్తరాల దారి కావాలని, దాని పేరు తాత్కాలికమని ఒక్క వరస రాస్తే చాలు. నాలుగువందల తెరలున్న ఏనుగు కడుపులో అది ఏ మూల ఉందో లోకంలో ఒక్కడికే తెలుసు.

నోరు మూసుకుంటే రెండేళ్ళు. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు, చూస్తానన్నవాడు చూస్తూ ఉంటే చాలు. మధ్యాహ్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేశాడు. అక్క మొహం గుర్తొచ్చింది. ఇద్దరికీ ఇల్లు గడవాలి. అయినా ఈమె నాకేమవుతుంది, చుట్టమా పక్కమా, అని తనకు తనే గట్టిగా చెప్పుకున్నాడు. స్టూలుమీద ఒలికిన టీ ఆరిపోయి గుండ్రటి మరక కట్టింది. దాన్ని వేలితో గీరుతూ కూర్చున్నాడు.

రెండున్నరకు ఏదో పనిమీద వెళ్తున్నట్టు లేచి, హాల్లోకి వెళ్ళాడు. ఆమె బల్ల సర్దుకుంటోంది. పిల్లల ఫొటో అప్పటికే సంచిలో పెట్టేసింది, ఫ్లాస్కు పైన పెట్టింది. ఇతన్ని చూసి నవ్వబోయి, నవ్వు రాక తల తిప్పుకుంది. ఆ సంచి చూసి ఇతను ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ ఫైలు తెరువమ్మా" అన్నాడు.

ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ వరస కొట్టాడు. అలవాటుకొద్దీ అతని కుడిచెయ్యి బల్లమీద గుడ్డుగంట కోసం తడుముకుంది. అది అందేలోపే పిట్ట లేచింది. ఉత్తరం వెళ్ళిపోయింది.

"అన్నయ్యా!" అంటూ ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "ఎలా తెలిసింది మీకు?"

"ఊరికే తోచిందమ్మా."

ఇంతలో పెద్దసారు వచ్చాడు. తెరమీదికి వంగి చూశాడు, రెండుసార్లు నడిపించి చూశాడు, భుజాలు ఎగరేశాడు. "శభాష్! మూడురోజులు పట్టు వదల్లేదన్నమాట. ఇలాంటివాళ్ళే కావాలి మాకు. మీ సంగతి నేను పైకి రాస్తాను" అన్నాడు ఆమెతో.

ఆమె నోరు తెరిచింది. ఇతని వైపు ఒకసారి చూసింది. తర్వాత సంచిలో పెట్టిన ఫొటో వైపు చూసింది. నోరు మూసుకుంది. మావటికి కోపం రాలేదు గానీ, గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది. ఆ చోట తనున్నా అంతే చేసేవాడు కదా అనుకున్నాడు. అనుకున్నా కలుక్కుమనడం ఆగలేదు.

మూడున్నరకే కరెంటు మనిషిని పంపారు. ఏనుగుని పడుకోబెట్టడానికి ఒక పద్ధతి ఉంది, ఒక్కొక్క విద్యనీ మెల్లగా మూయించుకుంటూ రావాలి, పాతిక నిమిషాలు పడుతుంది. ఆ మాటే చెప్పాడు. గుమ్మంలో నిలబడ్డ పెద్దసారు చేతిగడియారం చూసుకున్నాడు.

"రేపు మళ్ళీ లేపుతామా ఏంటండీ? వైరు పీకెయ్."

కరెంటు మనిషి పీకేశాడు. పందొమ్మిదేళ్ళలో ఆ గది మొదటిసారి ఇలా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దానికి తత్తరపడి మావటి చెయ్యి దానంతట అదే పైకి వెళ్ళింది. ఏనుగు ఆగిందంటే మళ్ళీ లేపాలి, లేపితే గంట తిప్పాలి. నలభై దాకా తిప్పేశాక గానీ తను చేసింది అతనికి తెలియలేదు. కరెంటు మనిషి వింతగా చూస్తుంటే సిగ్గేసి, మెళ్ళో కార్డు తీసి పెద్దసారు చేతిలో పెట్టి, చరచరా బయటికి వచ్చేశాడు. టెస్టింగు మేడం బల్ల దగ్గర లేదు. ఫ్లాస్కు మాత్రం మళ్ళీ పాతచోటే ఉంది.

గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "ఏంటి మావటిగారూ, ఇవాళ పెందరాళే! రేపు వాన పడేట్టుంది, గొడుగు తెచ్చుకోండి" అన్నాడు.

"అలాగేనయ్యా" అన్నాడు మావటి.

ఇంటికి రెండు వీధులు ఇవతల ఆగి, పార్కు గోడమీద గంటన్నర కూర్చున్నాడు. ఎప్పుడూ వచ్చే వేళకి వస్తే అక్కకి అనుమానం రాదు. స్వెట్టరు విప్పుదామనుకుని, విప్పితే చలేస్తుందేమోనని ఊరుకున్నాడు. బయట ఎండగానే ఉంది.

అక్క తలుపు తీసి అతని ఖాళీ చేతులు చూసింది.

"గంటేదిరా?"

అతను గుమ్మం పట్టుకుని చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"రేపు తెస్తానక్కా."

"నాకు తెలుసులే నీ రేపు" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, అడుగంటుతున్న గిన్నె దించింది. కంచంలో రెండు గుడ్లు పెట్టి తెచ్చింది. రాళ్ళలా ఉన్నాయి. అతను వంక పెట్టకుండా తిన్నాడు.

అక్కడ, పంకాలు ఆగి మెల్లగా వేడెక్కుతున్న గదిలో, తాళం పడ్డ తలుపు వెనక ఎవరూ వినకుండా ఒకసారి మోగి, నల్లపెట్టె నెత్తిన ఆ తెల్లటి గుడ్డుగంట సున్నా దగ్గర ఆగి ఉంది.