గంటసేపు ఊరికే

హెడ్‌ఫోన్లు జారిపోకుండా తలకు రుమాలు బిగించి కట్టుకుని ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. హెడ్‌ఫోన్లలో వాన పడుతున్నట్టు సన్నని చప్పుడు. దాని అడుగున, ఆమె చెవిలో రెండేళ్లుగా ఆగని ఈల. "ఏంటీ అవతారం" అని నవ్వి వెళ్లిన భర్త మళ్లీ వచ్చి ఏదో అడిగాడు. ఆమెకు వినపడలేదు. అయినా టవల్ గురించే అయి ఉంటుందని తెలుసు కనుక చేత్తో చూపించింది.

ఆమెది పింగాణీ కప్పుల కార్ఖానాలో ఉద్యోగం. బట్టీ నుంచి వచ్చిన ప్రతి కప్పునూ చిన్న కర్రతో తట్టి వినాలి. మంచి కప్పు ఖంగుమంటుంది, కంటికి ఆనని పగులున్నది బొంగురుగా పలుకుతుంది. బట్టీ ఫ్యాన్ల రొదలో ఇరవై ఏళ్లు ఆ పని చేసిన చెవి ఒకరోజు తనంతట తానే మోగడం మొదలుపెట్టింది. ఇప్పుడామె కప్పు అంచు మీద వేలు ఆనించి, ఆ వణుకును బట్టి నెట్టుకొస్తోంది. అక్కడ ఎవరికీ చెప్పలేదు. "నీ చెవే మాకు ఆధారం" అనే సూపర్‌వైజర్, ఒక్క పగులు దాటిపోతే ఆ చెవినే మెలిపెట్టే రకం.

ఇంట్లో చెప్పింది. భర్త నిజంగానే తన చెవిని ఆమె చెవికి ఆనించి కాసేపు విన్నాడు. "నాకేం వినపడట్లేదే" అని లేచి వెళ్లిపోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు. "నా మోకాళ్ల నొప్పులు నేనెవరికైనా చెప్పానా" అంది అత్తగారు, ఆ వారంలో పదోసారి.

అలాంటప్పుడు ఆసుపత్రిలో ఈ పరిశోధన సంగతి తెలిసింది. "దీన్ని టిన్నిటస్ అంటారండీ. నయమైపోతుందని మాటివ్వలేను. హెడ్‌ఫోన్లలో ఈ వాన చప్పుడు వింటూ ఉంటే మెదడు ఆ మోతను పట్టించుకోవడం మానేస్తుందేమో చూస్తున్నాం" అంది పరిశోధకురాలు. "పన్నెండు వారాలు, రోజూ ఒక గంట ఊరికే కూర్చుని వినాలి. వేరే పనేదీ చేయకూడదు. అదొక్కటే నియమం."

ఇంతేనా అనుకుంది ఆమె. ఏదో ఒకనాటికి ఆ ఈల లేని నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఇంటికి వచ్చింది.

"గంటసేపు ఊరికే కూర్చుంటావా? ఇప్పుడు మాత్రం ఇంటికొచ్చి ఏం చేస్తున్నావని?" అన్నాడు భర్త. అత్తగారు కాస్త నయం. "కూర్చో అమ్మా, ఎవరొద్దన్నారు. కూర్చునేదానివి ఆ బట్టలు మడతపెడుతూ కూర్చో" అంది.

మొదటిరోజు బట్టలు. రెండోరోజు కూరగాయలు. ఆ తర్వాత ఇస్త్రీ, అంట్లు, పిల్లదాని యూనిఫాం గుండీలు. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన పుస్తకంలో రోజూ ఒకే ప్రశ్న, ఆ గంటలో ఏం చేశారు అని. "ఏమీ చేయలేదు" అని రాసేది. అదొక అబద్ధమని కూడా ఆమెకు తట్టలేదు.

ఆరు వారాలకు పరిశోధకురాలు మోత ఎలా ఉందో అడిగి, ఆ పుస్తకం తిరగేసింది. "మీ మోత ఇసుమంతైనా తగ్గలేదు. నలభై రెండు రోజులు ఇంత నియమంగా కూర్చున్నా తగ్గలేదంటే, మీ విషయంలో ఈ చికిత్స పనిచేయలేదని రాసుకోవాలి."

కలం కాగితం మీదికి వెళ్తోంది. ఎక్కడో ఇంకో వంటింట్లో, చెవిలోని ఈలను ఎవరికీ వినిపించలేక ఈ కాగితం మీదే ఆశ పెట్టుకున్న ఇంకొకామె గుర్తొచ్చింది, ఎప్పుడూ చూడకపోయినా.

"రాయకండి" అంది ఆమె. "నేను ఒక్కరోజు కూడా కూర్చోలేదు."

"ఎందుకండీ?"

"కూర్చోవడం చేతకాలేదు."

పరిశోధకురాలు కోప్పడలేదు. కొత్త పుస్తకం తీసి ముందు పెట్టింది. "మళ్లీ మొదటినుంచి రాద్దాం. ఈసారి కూడా కుదరకపోతే మిమ్మల్ని పరిశోధనలోంచి తప్పించాల్సి వస్తుంది."

ఆ సాయంత్రం ఆమె పడకగదిలోకి కుర్చీ తీసుకెళ్లి గడియ పెట్టుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి తలుపు చప్పుడైంది. వాన చప్పుడులోంచి కూడా అది వినపడింది. మళ్లీ అయింది. లేవబోయి, కుర్చీ అంచులు పట్టుకుని ఆగింది. ఈల తగ్గలేదు. గంట గడిచింది.

హెడ్‌ఫోన్లు తీసి, పుస్తకం తెరిచి, "ఏమీ చేయలేదు" అని రాసింది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఆమె గురించి అందరూ అంటున్న మాటే అది. ఇవాళ్టికి గానీ నిజం కాలేదు.