పదహారు రౌండ్లు

"పదహారు," అన్నాడు శ్రీశైలం.

"ఇరవై అయినయ్" అని జంపక్క అన్న మాటకి అది అతని జవాబు. ఆమె ఇంకా ఊపిరి కూడా సర్దుకోలేదు. స్విమ్మింగ్ పూల్ గోడ పట్టుకుని, ఈత కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మొగుడి వైపు చూసింది. తీగల కంచెకి అవతల సిమెంటు బెంచీ మీద కూర్చుని అతను పెన్ను మూత పళ్లతో లాగి పుస్తకంలో రాసుకుంటున్నాడు. తేదీ. ఆమె చెప్పింది ఇరవై. అయినవి పదహారు.

"నాలుగు ఎక్కువ చెప్తున్నవ్ జంపా. నిన్న గూడ గంతే, మొన్న గూడ గంతే. నీ తప్పేం లేదులే," అన్నాడు. కసిరి అనలేదు. జ్వరం పడ్డ పిల్లతో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆ మెత్తదనం ఆమె ఎరగదు. ఈ మూడు నెలలుగానే వింటోంది, విన్నప్పుడల్లా నీళ్లలో ఉన్నా సరే వీపు మీద చెమట పట్టినట్టు అవుతోంది.

గోదావరికి ఇవతల అడవి అంచున ఉన్న బొగ్గుబాయి ఊరు అది. కంపెనీ కాలనీ క్లబ్బులో పూల్ ఉంది. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆడవాళ్ల టైము. మోకాళ్లు నొస్తున్నాయంటే దవాఖానాలో డాక్టరమ్మ మందులు తగ్గించి ఈత చెప్పింది, రోజుకి ఇరవై రౌండ్లు. బూర్గంపాడు పక్కన గోదావరిలో చిన్నప్పుడు నేర్చిన ఈత, ఒంటికి గుర్తే ఉంది. అత్త బతుకమ్మకి మాత్రం అది మింగుడు పడలేదు. "నలభై మూడేండ్లకు నీళ్లల్ల ఆటలేంది? మోకాళ్లు నొస్తే కింద కూసోని పప్పు రుబ్బు, అవే సాగుతయ్," అంది. శ్రీశైలం కూడా మొదట ముఖం ముడుచుకున్నాడు. తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి, "పో, మంచిదే. నేను గూడ వచ్చి కూసుంట. నీళ్లల్ల నీకు మతి తప్పితే చూసేటోళ్లు ఉండాలె," అన్నాడు. పూల్ చూసుకునే భవాని మగవాళ్లని కంచె లోపలికి రానివ్వదు కాబట్టి బయట బెంచీ మీద కూర్చున్నాడు. మొగుడంటే అట్లా ఉండాలని కాలనీ ఆడవాళ్లు మురిసిపోయారు.

ఈదేటప్పుడు అంకెలు నిలవవు. ఏడో రౌండా ఎనిమిదో రౌండా అనుకునేలోపు నానబెట్టిన బియ్యం గుర్తొస్తాయి, ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి, అంకె జారిపోతుంది. అందుకే జంపక్క అంకెలు లెక్కపెట్టదు, మనుషుల్ని లెక్కపెడుతుంది. ఆమె పని అదే. బాయి మీద ల్యాంప్ రూంలో కిటికీ దగ్గర కూర్చుంటుంది. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆమె చేతికిచ్చి, తలకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. దీపం తీసిన కొక్కేనికి ఆమె బిళ్ళ తగిలిస్తుంది. పైకొచ్చి దీపం ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తుంది. కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆమె తండ్రి ఆ బాయిలోనే పనిచేసి ఊపిరితిత్తులు చెడి పోయాడు, కొడుకులు లేరు కాబట్టి నౌకరి ఆమెకొచ్చింది. జాతర జరిగిన ఏడాది పుట్టిందని పెట్టిన పేరు జంపక్క. పేరులోనే అక్క ఉంది కాబట్టి రిటైర్ కాబోయే ముసలివాళ్లకి కూడా ఆమె అక్కే.

ఫస్ట్ షిఫ్టులో మొదటి వరుస కొక్కేలు ఇరవై. మొదటిది దేవ్‌సింగ్, రెండోది భద్రు, అట్లా చివరి దాకా ఆమెకి ముఖాలతో సహా వచ్చు. పూల్‌లో లోతు చివరికి ఈదుకుంటూ పోయి గోడ తాకితే దేవ్‌సింగ్ దొరికినట్టు. తిరిగి ఇవతలి గోడ తాకితే అతన్ని పైకి తెచ్చినట్టు, ఒక రౌండు. అట్లా ఇరవై మందినీ పైకి తెచ్చాకే ఒడ్డెక్కుతుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు.

మొగుడు పదహారే అన్న మొదటి రోజు ఆమె నవ్వలేదు, వాదించలేదు. నలుగురిని కింద వదిలేసి వచ్చానా అని ఒడ్డు మీంచి నీళ్లలోకి తిరిగి చూసింది.

ఎందుకంటే అప్పటికే ఇంట్లో ఆమె మతిమరుపు స్థిరపడిపోయింది. డ్యూటీ నుంచి వచ్చేసరికి గ్యాసు వాసన. "నాబు తిప్పి పోయినవ్ జంపా. అమ్మ లేచి చూడకపోతే ఏమయ్యేది?" క్వార్టర్ తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికింది. బీపీ గోలీలు రెండు రోజులవి అట్లాగే మిగిలిపోయాయి, తను వేసుకున్నట్టు ఆమెకి రుచితో సహా గుర్తుంది. ఆ ఇంట్లో ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో, ఎవరి ఆధార్ కార్డు ఏ సంచిలో ఉందో, అత్త కళ్లలో వేసే చుక్కలు ఏ రోజుకి అయిపోతాయో తెలిసింది ఆమె ఒక్కదానికే, మతిమరుపు కూడా ఆమె ఒక్కదానికే. ఇరుగుపొరుగుకి అత్త చెప్పేసింది: "మా కోడలికి బుద్ధి నిలుస్తలేదు. పాపం, నౌకరి ఎట్ల చేస్తదో." ఆ పాపం అన్న మాట కాలనీ అంతా తిరిగి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది. మునుపు ఒక్కసారి తగిలించే బిళ్ళని ఇప్పుడు మూడుసార్లు తడిమి చూసుకుంటోంది. రాత్రి పడుకునే ముందు గ్యాసు నాబు పట్టుకుని, ఆగింది, ఆగింది అని తనకి తనే చెప్పుకుంటోంది. తన తలకాయని తనే నమ్మకపోవడం కంటే దిక్కులేనితనం ఇంకోటి లేదని జంపక్కకి అప్పుడు తెలిసింది.

సోమవారం ఫస్ట్ షిఫ్టు అయిపోయి అందరూ పైకొచ్చారు. మొదటి కొక్కేనికి బిళ్ళ అట్లాగే ఉంది.

"దేవ్‌సింగ్ రాలే," అంది జంపక్క.

క్లర్కు రూప్లా రిజిస్టర్ మూస్తూ, "ఎప్పుడో పోయిండక్కా. సైకిల్ స్టాండ్ కాడ చూసినట్టే ఉంది. నువ్వే బిళ్ళ ఇయ్య మరిచిపోయి ఉంటవ్," అన్నాడు. వెటకారం కాదు, అతనూ ఆ పాపం విన్నవాడే.

ఆమె చెయ్యి బిళ్ళ మీదికి పోయింది. తీసేస్తే పని అయిపోతుంది, ఇంటికి పోవచ్చు. మరిచిపోయి ఉంటవ్ అన్న మాట ఎంత తేలిగ్గా ఒంట్లోకి దిగిందంటే, దీపం తీసుకుని బిళ్ళ ఇవ్వడం మరిచిపోయినట్టు ఒక క్షణం గుర్తుకు కూడా వచ్చింది. బిళ్ళ సగం కొక్కెం దాటింది. అప్పుడు పక్కన ఖాళీ జాగా కనబడింది. దీపం లేదు. దీపం అప్పజెప్పకుండా ఎవరూ ఇంటికి పోరు, పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి పోలేదు. బిళ్ళని మళ్లీ వెనక్కి తోసింది.

"దీపం రాలే రూప్లా. మనిషి కిందనే ఉన్నడు. ఫోన్ చెయ్యి."

ముప్పావు గంటకి దేవ్‌సింగ్‌ని స్ట్రెచర్ మీద తెచ్చారు. పాత మలుపులో కాలు మడతపడి విరిగి, అరిచినా వినబడని చోట పడి ఉన్నాడట. దీపం చార్జింగు అడుగంటింది. అతను కళ్లు తెరిచి "అక్కా" అన్నాడు, అంతే. జంపక్క బాత్రూంలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది. బిళ్ళ తీసేయబోయిన చేతిని చూసుకుంటూ ఏడ్చింది.

ఇంట్లో చెబితే శ్రీశైలం అన్నం కలుపుతూ, "ఒక్కపారి గుడ్డిగ తగిలింది. రోజూ తగులుతదా?" అన్నాడు. అత్త మజ్జిగ అడిగింది.

మర్నాడు రూప్లా కిటికీ దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "తప్పయింది అక్కా. నీ మాట ఇనకపోతే ఆయన పోయేటోడు," అని, వెళ్లబోతూ ఆగాడు. "ఇంత మతి ఉన్నదానివి గురువారం మెడికల్ బోర్డుల అన్‌ఫిట్ ఎట్లయితవో గానీ. నీ కొడుకు వాసుకు మాత్రం నౌకరి పక్కా అంటున్నరు."

"అవ్," అంది జంపక్క. చేతిలో ఉన్న బిళ్ళ కొక్కేనికి తగిలించి, "నా దరఖాస్తు ఎవరిచ్చిండ్రు?" అని అడిగింది.

"శ్రీశైలమన్న తెచ్చిండు. సంతకం నీదే కదా."

సంతకం ఆమెదే. కొడుకు వాసు ఖమ్మంలో ఖానాపురం హవేలిలో రూం కిరాయికి తీసుకుని కోచింగ్ అంటూ మూడేళ్లుగా ఉంటున్నాడు. వాడి కాలేజీ కాయితాలని చెప్పి శ్రీశైలం నాలుగైదు పెట్టించుకున్నాడు, కూర పొయ్యి మీద మాడుతుంటే.

అన్‌ఫిట్ కావడం ఆ కాలనీలో వింతేం కాదు. పని చేయలేనని మెడికల్ బోర్డు తేలిస్తే నౌకరి పిల్లలకి వస్తుంది. పక్క క్వార్టర్ ఎల్లస్వామి అట్లాగే కొడుక్కి ఇచ్చి, యాటను కోసి అందరికీ భోజనాలు పెట్టాడు. అతన్ని ఎవరూ పిచ్చివాణ్ని చేయలేదు. ఏడాది పాటు ఇంట్లో చర్చ నడిచింది, పెళ్లాం బతిమాలింది, కొడుకు కాళ్లు పట్టుకున్నాడు, అతను సరే అన్నాక అయింది. తన దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నోరు తెరిచి అడగలేదు. అడిగితే నౌకరి ఆమెదని ఒప్పుకున్నట్టు అవుతుంది, కాదంటే ఆమె మాట నిలబడుతుంది. కాంట్రాక్టు కింద డంపర్ నడిపే శ్రీశైలానికి పెళ్లాం దగ్గర చెయ్యి చాచడం కంటే పెళ్లాం తలకాయ చెడగొట్టడం తేలికైంది. కొడుక్కి ఫోన్ చేస్తే వాడు సంబరంగా, "నువ్వే ఇస్తనన్నవట కదమ్మా, నాయిన చెప్పిండు," అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. అడిగి ఉంటే ఇచ్చేదేమో. ఆ సంగతి ఇక తనకీ ఎప్పటికీ తెలియదు.

అయినా ఒక పురుగు తొలుస్తూనే ఉంది. బోర్డు సంగతి నిజమే కానీ, రౌండ్లు నిజంగానే పదహారేమో. ఎత్తు వేసేవాడు చెప్పేదంతా అబద్ధం కావాలని లేదు కదా.

బుధవారం సాయంత్రం నీళ్లలోకి దిగే ముందు భవాని దగ్గర ఆగింది. "ఇయ్యాల నా రౌండ్లు నువ్వు లెక్కపెట్టి, మీ రిజిస్టర్ల రాసి సంతకం పెట్టు బిడ్డా."

భవాని ఎందుకని అడగలేదు, ఆమె ముఖం చూసి పెన్ను తీసింది.

మొదటి రౌండు దేవ్‌సింగ్. దవాఖానా మంచం మీద ఉన్నాడు, అయినా అతని వరుస అతనిదే. రెండు, భద్రు. ఊపిరి కోసం తల తిప్పినప్పుడల్లా కంచె అవతల మొగుడు కనబడుతున్నాడు. ఫోన్ చూసుకుంటున్నాడు. ఐదో రౌండులో ఫోన్. ఎనిమిదో రౌండులో ఫోన్, బొటనవేలితో పైకి తోస్తూ ఏదో చూసి నవ్వుకుంటున్నాడు. తల ఒక్కసారి ఎత్తలేదు. ఇతను లెక్కపెట్టడం లేదు, ఏ రోజూ లెక్కపెట్టలేదు. పదో రౌండులో లోతు చివర గోడ తాకినప్పుడు ఆమెకి ఇంకో సంగతి తట్టింది. రౌండ్లు తను మరిచిపోకపోతే గోలీలూ మరిచిపోలేదు. నాబు తిప్పింది తను కాకపోతే ఆ ఇంట్లో ఇంకెవరిదో చెయ్యి తిప్పింది. మూసిన కిటికీల మధ్య, ముసలి తల్లి పడుకుని ఉండగా, పెళ్లాం వచ్చే టైము చూసుకుని. ఆ ఇంట్లోనే తను ఇన్నాళ్లూ వండింది, పడుకుంది. చేతులు ఆడలేదు, నీళ్లు మింగింది, గోడ పట్టుకుని దగ్గింది. ఆ దగ్గుకి కూడా బెంచీ మీది తల లేవలేదు.

పన్నెండో మనిషిని పైకి తెచ్చి ఆగింది. కళ్లజోడు తోసుకుంది.

"ఇరవై అయినయ్," అంది.

శ్రీశైలం ఫోన్ జేబులో పెట్టి పుస్తకం తెరిచాడు. పెన్ను మూత పళ్లతో లాగాడు. "పదహారు."

"మంచిగ చూసినవా?"

"ఒక్కొక్కటి లెక్కపెట్టిన జంపా. నా మీద గూడ అనుమానమేనా?" గొంతులో అదే మెత్తదనం. "నీ తప్పేం లేదులే."

ఆమె ఒడ్డు మీద భవాని వైపు చూసింది. భవాని రిజిస్టర్ ఇటు తిప్పింది. పన్నెండు, పక్కన సంతకం. జంపక్కకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. మూడు నెలలుగా తలలో మోగుతున్న రొద ఆగిపోయి, నీళ్లు గోడకి తగిలే చప్పుడు వినబడింది.

"అవ్, పదహారే. రాసుకో," అంది. అతను రాసుకున్నాడు. పూర్తయ్యేదాకా ఆగి కళ్లజోడు దించుకుంది. "రేపు బోర్డుకు ఆ పుస్తకం మరిచిపోకుండ తెచ్చుకో. పన్నెండని రాసిన భవాని రిజిస్టర్ నేను తెస్త. ఇప్పుడు నువ్వు పో, ఇంక ఎనిమిది మంది కిందనే ఉన్నరు."

పెన్ను మూత అతని నోట్లోంచి జారి సిమెంటు మీద పడింది. ఆమె అది చూడలేదు. కాళ్లతో గోడని తన్ని, పదమూడో మనిషి కోసం లోతు వైపు పోయింది.