నల్లగుడ్డ కింద కంప్యూటర్

మా ఆయన యావ్ అసియామా పోయిన మర్నాడు ఆడపడుచు పొకువా ఇల్లంతా తిరిగి మెరిసే వస్తువులన్నిటి మీదా నల్లగుడ్డలు కప్పింది. అద్దం, టీవీ, ఆఖరికి గోడగడియారం కూడా. చనిపోయిన మనిషి వాటిలో తన ముఖం చూసుకుని ఇంట్లోనే ఆగిపోతాడట. నా కంప్యూటర్ డబ్బాకి ఒక పక్క అద్దం ఉంది, లోపల నీలం లైట్లు వెలుగుతాయి. దాన్ని మందపాటి గుడ్డతో మూడు చుట్లు చుట్టి గట్టిగా ముడేసింది. మానిటర్‌ని మాత్రం, పని చేసుకోవాలంటూ కాళ్ళావేళ్ళా పడితే వదిలేసింది. ఆ ముడి వెయ్యాల్సిందీ విప్పాల్సిందీ ఆడపడుచే. అంత్యక్రియల రోజు దాకా విధవ గది గడప దాటకూడదు. ఇది కుమాసిలో మా అత్తింటి పద్ధతి. మా పుట్టింటి ఫాంటీవాళ్ళలో ఇంత లేదు, అయినా నన్నడిగేదెవరు?

నేను చావు వీడియోలు చేస్తాను. పోయినవాళ్ళ ఫొటోలు, పెళ్ళిళ్ళలో వాళ్ళ గంతులు, వాళ్ళ మాటలు కలిపి, శనివారం అంత్యక్రియల పందిట్లో జనమంతా చూసేలా అరగంట సినిమా కూర్చడం నా పని. ఎంతమందికో చేశాను. ఇప్పుడు సొంత మొగుడికి చెయ్యాల్సొచ్చింది.

మంగళవారం కుటుంబ పెద్ద బాఫో గడప దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. యావ్ కొన్నవన్నీ ఈ ఊరి ఆచారం ప్రకారం అతని అక్క కొడుక్కి, అంటే పొకువా కొడుక్కి, వెళ్తాయి. కంప్యూటర్ కూడా వెళ్ళాల్సిందే. కానీ పెద్దాయన నన్ను చూసి కాస్త మెత్తబడ్డాడు. శనివారం సినిమా అందరి ముందూ ఆగకుండా ఆడితే మిషన్ నాదేనన్నాడు, లేకపోతే మేనల్లుడిది. అది చేతికొస్తే టాకొరాడిలో మా చెల్లి ఇంట్లో చిన్న గది తీసుకుని బతికేస్తాను. లేకపోతే ఈ గదే గతి. అప్పటికే నాకు ఊపిరాడటం లేదు.

బుధవారం పొద్దున సినిమాని ఒక్క ఫైలుగా కూర్చమని నొక్కాను. పది నిమిషాలు నడిచి తెర నల్లబడింది. కాసేపటికి తేరుకుని, తెర మీద బొమ్మలు నడిపే ప్రోగ్రాం, డిస్‌ప్లే డ్రైవర్, ఆగిపోయి మళ్ళీ మొదలైందని చల్లగా చెప్పింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే పాట. ఆ డ్రైవర్ తీసేసి కొత్తది వేశాను. కొత్తదాన్ని పీకి పాతది వేశాను. కాసేపటికి చూస్తే నెట్ ఉందికదా అని కంప్యూటర్ తనంతట తనే కొత్తది తెచ్చి వేసుకుంది. వైఫై పీకేసి మళ్ళీ పాతది వేశాను. మధ్యాహ్నానికి పన్నెండుసార్లు పడిపోయింది. మూల కూర్చుని ఏడిచాను. మొగుడి కోసమా, మిషన్ కోసమా అని అడిగితే చెప్పలేను.

ఈ కంప్యూటర్ బిగించినవాడు ఎబో, మా పుట్టింటి ఊరివాడే. ఫోన్ చేస్తే, అంతా విని, ముందు వేడి ఎంతుందో చూడమన్నాడు. తొంభై ఏడు డిగ్రీలు అన్నాను.

"డబ్బా మీద ఏవన్నా పెట్టావా అక్కా?"

"చావుగుడ్డ."

 డ్రైవర్‌ని అనవసరంగా తిట్టుకున్నావు, డబ్బాకి ఊపిరాడక చస్తోంది, ముందా గుడ్డ తియ్యి అన్నాడు.

పొకువాని పిలిచాను. కావాలని కప్పిందని నేను అనను. తమ్ముడంటే ఆమెకి ప్రాణం. కానీ మిషన్ తన కొడుక్కి వస్తుందని ఆమెకి తెలియదనీ అనను.

"వదినా, ఒక్కపూట విప్పు. మళ్ళీ నువ్వే కట్టుకుందువు గాని."

"నువ్వా ముడి మీద చెయ్యేస్తే వాణ్ణి రెండోసారి చంపినట్టే," అంది. "అప్పుడు మిషన్ సంగతి కాదు, నువ్వు ఈ ఇంట్లో కూర్చునే సంగతి మాట్లాడుకుందాం."

గుడ్డ తీస్తే ఆచారం తప్పినదాన్ని, తియ్యకపోతే పని చేతకానిదాన్ని. రెండు వైపులా గోడే. మళ్ళీ ఎబోకే చేశాను. అలాగైతే డబ్బా లోపల బొమ్మలు నడిపే కార్డుకి అందే కరెంటుని సగానికి తగ్గించు, నత్తలా నడుస్తుంది గానీ పడిపోదు అన్నాడు. తెర మీద అతను చూపించమన్న గీతపై బొత్తాన్ని సగానికి లాగాను. గురువారం తెల్లారగానే మొదలుపెట్టాను. అరగంట సినిమాకి సాయంత్రం అయిదున్నర దాకా పట్టింది. అంతసేపూ వేడి అంకె చూస్తూ కూర్చున్నాను. తినమని పెట్టిన కెంకే, మొక్కజొన్న ముద్ద, ఆకులోనే ఎండిపోయింది.

శనివారం పందిట్లో సినిమా ఆగకుండా ఆడింది. యావ్ పెళ్ళిలో టోపీ ఎగరేసి నవ్వుతున్న చోట చావుకని ఎర్రగుడ్డలు కట్టుకొచ్చిన జనమంతా ఒక్కసారి తెర వైపు జరిగారు. పొకువా నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ సాయంత్రమే వచ్చి, నా ముఖం చూడకుండా, కంప్యూటర్ ముడి తన చేత్తోనే విప్పింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే బాఫో అందరి ముందూ మాట నిలబెట్టుకున్నాడు.

"మిషన్ నీదే అరబా. ఎవరూ కాదనరు," అన్నాడు. "ఇంత పని తెలిసిన మనిషిని మేం మాత్రం ఎలా వదులుకుంటాం? ఇక మన కుటుంబంలో ఎవరు పోయినా నువ్వే చేస్తావు. ఈ గది నీకే ఇచ్చాం."

టాకొరాడి వెళ్ళిపోతానన్నాను. ఎవరూ విననట్టే తలలూపారు. పొకువా నా పక్కకి వచ్చి, మొదటిసారి ప్రేమగా, భుజం మీద చెయ్యేసింది. ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో చెప్పలేను.

సాయంత్రం ఎబో ఫోన్ చేశాడు. గుడ్డ తీశారా, ఇంకా పడిపోతోందా అని అడిగాడు. తీశారు, నీలం లైట్లు చక్కగా వెలుగుతున్నాయి, ఒక్కసారి కూడా పడిపోలేదని చెప్పాను. అమ్మయ్య అన్నాడు.

"ఎబో," అన్నాను, తలుపు దగ్గరగా వేసి. "దాన్ని మళ్ళీ పడిపోయేలా చెయ్యడం ఎలాగో చెప్పు."