ఎడమకు ఒరిగిన వ్యాను

ప్రభుదాసుకూ గ్రేసమ్మకూ ఇల్లంటూ ఉన్నది మిషన్ ఆసుపత్రివారి పాత వ్యానే. అతను దాని డ్రైవరు, ఆమె నర్సు. పల్నాటిలో కంటి ఆపరేషన్ల శిబిరం ఎక్కడ పెడితే అక్కడికి ఆ వ్యానులోనే పోయేవాళ్ళు. ముందు సీట్ల వెనక ఒక చెక్క మంచం, మందుల బీరువా, కిరసనాయిలు స్టవ్వు, కిటికీకి గ్రేసమ్మ కుట్టిన పూలగుడ్డ. పిల్లలు లేరు. ఉన్న కాపురమంతా ఆ నాలుగు చక్రాల మీదే.

కొన్నాళ్ళుగా ఆ వ్యాను ఎడమవైపుకు ఒరిగిపోతోంది. వెనక చక్రం దగ్గర బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది, కమాను కట్ట అంటారు. అది సాగిపోయి, అందులో ఒక పట్టీ విరిగింది. ప్రభుదాసు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి ముసలిదైందని అమ్మేస్తారేమోనని అతని భయం. నిద్రలో భర్త తన మీదకు దొర్లి వస్తుంటే గ్రేసమ్మ మోచేత్తో నెట్టేది తప్ప, ఆమె కూడా పైకి అనలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, మాఘమాసంలో, గురజాల బడిలో శిబిరం జరుగుతుండగా అకాలవర్షం పట్టుకుంది. పెంకులు కారి మంచాలు తడిశాయి. రోగుల్ని చుట్టుపక్కల ఇళ్ళ పంచల్లోకి చేర్చారు. పొద్దున్నే ఆపరేషనైన పున్నమ్మ అనే ముసలామె ఒక్కతే మిగిలింది. ఆమెది రెంటచింతల దగ్గర పల్లె. కూలికి పోయి బతికిన మనిషి, చూపు పోయి చానా ఏళ్ళయింది.

"ఈమెను మీ వ్యానులో పడుకోబెట్టు గ్రేసమ్మా," అంది డాక్టరమ్మ. "కట్టు విప్పేదాకా తల కదలకూడదు. కదిలితే కన్ను దక్కదు."

పడుకోబెట్టారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టారు. కాసేపటికే ఎడమవైపు సంచి జారింది, దానితోపాటు తలా వాలబోయింది. గ్రేసమ్మ రెండు చేతులతో పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డ భర్త వంక చూసింది.

"ఏమయ్యా, నేనెంతసేపని పట్టుకునుండాల?"

ప్రభుదాసు వర్షంలోకి దిగాడు. బడి గోడ పక్కనున్న నాపరాళ్ళు మోసుకొచ్చి, బురదలో వెల్లకిలా పడుకుని, బండి ఎడమ భాగం కింద జాకీ పెట్టాడు. లోపల గ్రేసమ్మ ఒక చేత్తో తల పట్టుకునే, రెండో చేత్తో గిన్నెలో నీళ్ళు పోసి బీరువా మీద పెట్టింది. నీళ్ళు ఏ పక్కకు వాలుతున్నాయో చూసి చెబుతోంది.

"ఇంకొంచెం. మెల్లగా. ఇంకొంచెం."

"అమ్మాయ్," అంది పున్నమ్మ, "భూమి కదుల్తాంది."

"భూమి కాదు పెద్దమ్మా, మా ఆయన."

ముసలామె పెదవులు వణికాయి.

"నవ్వబాక పెద్దమ్మా, తల కదులుద్ది."

"నవ్వించబాక మరి."

గిన్నెలో నీళ్ళు సమంగా నిలిచాయి. ప్రభుదాసు రాళ్ళు పేర్చి బండిని వాటిమీద ఆనించాడు. గ్రేసమ్మ చేతులు తీసింది. తల కదల్లేదు.

వాన తెరిపిచ్చాక అతను తడి బట్టలతోనే డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. కమాను విరిగిన సంగతి, తను దాచిన సంగతి చెప్పాడు. "బండి అమ్మబాకండమ్మగారూ. మాకు ఇంకో ఇల్లు లేదు," అన్నాడు.

"బండి అమ్మితే మిమ్మల్ని ఎక్కడ పెడతాం ప్రభుదాసూ? విరిగినప్పుడే చెప్పొద్దూ. పోయి బాగుచేయించుకురా," అంది డాక్టరమ్మ.

మర్నాడు చక్రం ఊడదీసి, కమాను కట్టను గోనెపట్టాలో చుట్టి, బస్సు టాపు మీద వేసుకుని నరసరావుపేట పోయాడు. అక్కడ లారీల పని చేసే అబ్దుల్ గఫార్ దాన్ని తిప్పి చూశాడు.

"ఏంది భాయ్, దీని మీద బండెట్టా తోలావు?"

"తోలలా. బతిమాలుకుంటా తెచ్చా."

బండిలో ఒక ముసలామె తల కదపకుండా పడుకుని ఉందని విని, గఫార్ చేతిలో పని పక్కన పెట్టాడు. పట్టీల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, మళ్ళీ వంపు తిరిగేదాకా కొట్టాడు. విరిగినదాని బదులు పాత లారీ పట్టీ ఒకటి వేశాడు. "ఆమెకు చూపొస్తే నాకు కబురు చెయ్యి," అన్నాడు.

తిరిగొచ్చి ప్రభుదాసు కట్ట బిగించాడు. బోల్టు తిప్పినప్పుడల్లా ఆగి, "పెద్దమ్మా, కదిలిందా?" అని కింది నుంచి అడిగేవాడు. "నీ పని నువ్వు చేసుకోరా అబ్బాయ్, నేను నిద్రపోతన్నా," అనేది పున్నమ్మ. రాళ్ళు మాత్రం అప్పుడే తియ్యలేదు.

కట్టు విప్పిన రోజు గ్రేసమ్మ మంచం పక్కనే కూర్చుంది. పున్నమ్మ కన్ను రెప్పలార్చుకుంటూ, నీళ్ళు కారుస్తూ, మెల్లగా ఆమె మొహం మీద నిలిచింది.

"గొంతు విని పెద్దదానివనుకున్నా. చిన్నపిల్లవే," అంది.

గ్రేసమ్మకు నలభై దాటాయి. ఆ ముసలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ప్రభుదాసు బయటికి పోయి ఒక్కొక్క రాయే తీసి జాకీ దించాడు. బండి నిటారుగా నిలిచింది.

పున్నమ్మను వాళ్ళ పల్లెకు దించడానికి ముగ్గురూ బయల్దేరారు. ఆమెను ముందు సీట్లో, ఇద్దరి మధ్యనా కూర్చోబెట్టుకున్నారు. వానకు తడిసిన మిరపకాయల్ని కల్లాల్లో మళ్ళీ ఎండకు పరుస్తున్నారు. దోవకు రెండు పక్కలా ఎరుపే.

"నిదానంగా పోనీ అబ్బాయ్," అంది పున్నమ్మ. "చూసుకుంటా పోదాం."