అద్దంలో ఊదా వెలుగు

మా రంగుల ఫ్యాక్టరీలో ప్లాస్మా యంత్రం పెట్టించాక, మా మేనేజరు దానికి అద్దం తుడిపించడం తప్ప మరో సేవ చేయించలేదు. పెయింటు ఆవిరి దాని గుండా పోవాలి. లోపలి కరెంటు ఆ ఆవిరిని కాల్చకుండానే విషాన్ని విరగ్గొడుతుంది. కానీ అసలు ఆవిరి తగిలితే అద్దంలో కనబడే వెలుగు మసకబారి చిటపటలాడుతుంది. గది గాలి పంపితే నిండు ఊదారంగులో మెరుస్తుంది. అందుకని ఆయన నా చేతే మీట తిప్పించి, ఆవిరిని పక్క గొట్టం గుండా నేరుగా చిమ్నీకి వదిలించి, యంత్రానికి గది గాలి తాగించేవాడు. వచ్చిన పెద్దమనుషులు అద్దం ముందు ఫొటోలు దిగి మురిసిపోయేవాళ్లు.

ఆ చిమ్నీ గాలి తిన్నగా మా వీధికే వస్తుంది. నన్ను పెంచిన అక్కకి ఉబ్బసం. తలుపులు బిగించుకుని, గోడకు చేరగిలబడి ఊపిరి వెతుక్కునేది.

"పొగ తినే మిషనన్నావు కదరా. దానికి ఆకలి లేదా? ముద్దంతా నా నోట్లోకే వస్తోంది."

మర్నాడు కాలుష్య నియంత్రణ వాళ్ల తనిఖీ. మేనేజరుకి మళ్లీ చెప్పాను, ఆవిరిని యంత్రంలోకి పంపుదామని.

"ముస్తాబు చేసి కూర్చోబెట్టిన పెళ్లికూతురి చేత అంట్లు తోమిస్తామా ఇంజనీరు బాబూ? నీ డిగ్రీ మాటల్లో చూపించు, మీట జోలికి పోకు."

అధికారి వచ్చి అద్దంలోకి చూసింది. "అబ్బ, ఎంత అందంగా ఉందో!"

ఆవిరి యంత్రంలోకి పోయేలా నేను మీట తిప్పేశాను. వెలుగు మసకబారింది. లోపల చిటపటలు.

"చెడగొట్టాడు! ఆపండి!" మేనేజరు గొంతు చించుకున్నాడు.

"చెడలేదండి. ఇప్పుడే పనిలోకి దిగింది."

అధికారి నొసలు చిట్లించింది. "ఇందాకటిలాగే పెట్టండి. ఫొటో ఇంకా తియ్యలేదు."

నేను మీట పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాను. రేపట్నుంచి రావద్దని మేనేజరు అక్కడికక్కడే కేకేశాడు.

ఇంటికొచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఇవాళ దానికి ఆకలేసినట్టుంది!"

"దానికి తిండి దొరికిందక్కా. నాదే పోయింది."

అక్క చెయ్యి చేటలో ఆగిపోయింది. ఇంతలో ఫోను మోగింది. మేనేజరే.

"బాబూ, ఆ పిడి పట్టుకొచ్చెయ్యి. జరిగింది మర్చిపోదాం. నీ కుర్చీ నీకే. వాళ్లింకా కాచుకునున్నారు, ఫొటో కోసం."

పిడి లేకున్నా మీట తిప్పడానికి ఫ్యాక్టరీలో రెంచీలకేం కొదవ లేదు. ఏ వైపు తిప్పాలో తెలిసినవాడే లేడు.

ఫోను పెట్టేసి, వెనక కిటికీ కూడా తెరిచాను.