జీడిమచ్చ

బస్తరు సంస్థానం ఉన్న రోజులవి. భోపాలపట్నం ఆసుపత్రి అరుగు మీద రామనర్సయ్య తన చిన్నకొడుకు నందతో కూర్చున్నాడు. సంస్థానం వారు చదువుకిచ్చే వజీఫా డబ్బుతో నంద నాగపూరు కాలేజీలో చేరబోతున్నాడు. మశూచి టీకా పడిందని డాక్టరు రాసిస్తేనే అక్కడి బోర్డింగులో చోటు.

"చొక్కా ఇప్పడానికి అంత సిగ్గేంది? పెండ్లిచూపులా?" అన్నాడు డాక్టరు. అరుగు మీద ఉన్నవాళ్లు నవ్వారు. నంద జబ్బ మీది మచ్చ చూసి, "నిషాన్ ఉంది, అచ్ఛా" అని కలం తీశాడు.

రెండేళ్ల కిందట పెద్దకొడుకు ఎర్రయ్య జబ్బ చూసి కూడా ఇలాగే రాశారు. ఎర్రయ్య ఆ బోర్డింగులోనే మశూచితో పోయాడు. తోటి విద్యార్థి వచ్చి చెప్పిన మాట రామనర్సయ్యను వదలలేదు. "ఒళ్లంతా పొక్కులు పోసినా, నాకు టీకా ఉంది, నాకేం గాదు అని వచ్చినోళ్లందరికీ చెయ్యెత్తి చూపెట్టిండు మామా." నాటి నుంచి దున్నుతుంటే నాగలి ముందు, తింటుంటే విస్తరి అవతల, ఒక చెయ్యి లేస్తుంది. మాట ఉండదు.

ఊరు మరో పాఠం నేర్చుకుంది. "టీకా ఏసుకున్న పిలగాడే పోయిండు. ఇగ మనకేంది?" అని, టీకాదారు వస్తే పిల్లలతో అడవిలోకి పోయేవారు. మశూచికి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఏడుగురి శవాల వెంటా రామనర్సయ్య నడిచాడు. నోరు విప్పలేదు.

కొడుకులు పసివాళ్లప్పుడు, టీకా వేయిస్తే అమ్మవారు అలుగుతుందని భయపడి, చాకళ్లు బట్టలకు గుర్తుపెట్టే నల్లజీడి సొన వాళ్ల జబ్బలకు అద్దింది రామనర్సయ్యే. పుండై మానింది. టీకా మచ్చే అనుకుని టీకాదారు వెళ్లిపోయాడు. ఈ సంగతి భార్య సోమమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. "ఇప్పుడు చెప్పినవంటే ఊరోళ్లు మనల్ని బతకనియ్యరు" అని ఆమె ఆ రోజు పొద్దున్నే గడప దగ్గర చేతులు పట్టుకుంది.

కలం కాగితం మీద ఆనింది. నంద పక్కన ఆ చెయ్యి లేచింది.

"రాయకండి సాబ్. అది టీకా గాదు, జీడి. నేనే పెట్టిన. పెద్దోనికీ నేనే పెట్టిన."

అరుగు మీదే ఉన్న వాళ్ల ఊరి ఉప్పలమ్మ, మశూచికి కూతురిని పోగొట్టుకున్నది, చంకలో చిన్నదానితో లేచి నిలబడింది.

"మీ ఎర్రయ్యను చూసే గదనే అన్నా, నా బుధ్రికి టీకా వద్దన్న!"

నంద తండ్రి వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. "పొడవండి సాబ్."

"టీకా పట్టినంకనే కాగితం. ఎనిమిది దినాలకు రా" అన్నాడు డాక్టరు.

ఉప్పలమ్మ చాలాసేపు ఏడ్చింది. తరువాత చంకలోని చిన్నదాన్ని దించి, టీకా కోసం నంద వెనుక నిలబెట్టింది.

రామనర్సయ్యకు ఎర్రయ్య చెయ్యి ఆ తరువాత కూడా కనబడుతూనే ఉంది. దాని చుట్టూ ఇప్పుడు ఏడు చిన్న చేతులు.

అయ్యలారా, అమ్మలారా! ఒక్క ఇల్లు భయపడి ఆడిన అబద్ధానికి ఒక ఊరు తన బిడ్డల్ని పాతిపెట్టుకుంది. చదువుకు పంపే బిడ్డకు టీకా నిజంగా వేయించండి. వేయించకపోతే, వేయించలేదని నోరు తెరిచి చెప్పండి.