మూటగట్టిన నిద్ర

మేడిపల్లిలో ఎవరు దుబాయికి బయల్దేరినా ముందురోజు వాళ్ల అరుగు మీదికి ఊరంతటి డబ్బాలూ చేరతాయి. మామిడికాయ తొక్కు, సకినాలు, నడుంనొప్పి మందు, ఇవన్నీ మామూలే. వాటి పక్కనే పాత చీరముక్కల్లో కట్టిన నిద్రమూటలు కూడా ఉంటాయి. నిద్ర పెద్ద బరువేం కాదు, చోటు మాత్రం బాగా తింటుంది. పట్టుకెళ్లేవాడు కాదనలేక తల గోక్కుంటూ బ్యాగు అడుగున కుక్కుకుంటాడు.

సెలవుకొచ్చిన దేవదాస్ తిరిగి వెళ్తున్నాడని తెలిసి బాలమణి తన మూట తెచ్చింది. ఆమె భర్త జలపతి అక్కడ దేవదాస్ గదిలోనే ఉంటాడు. రెండు డ్యూటీలు చేస్తూ, ఎత్తైన పరంజా మీద నిలబడి గోడలకు సిమెంటు పూసే గిలాబు పని చేస్తాడు. "కండ్లు మూతలు వడుతున్నయే. కిందికి సూస్తె గుండె జల్లుమంటాంది" అని మొన్ననే ఫోనులో అన్నాడు.

మూట చూసి దేవదాస్ జంకాడు. "గింత పెద్దగున్నదేంది వదినే? నీకేమన్న ఉంచుకున్నవా?"

"ఇంట్ల కూసోని బీడీలు చేసెదాన్ని, నాకెందుకు? పడితె అరుగు మీదికెల్లి కింద పడత. ఆయినకియ్యి."

అది చాలా తెలివైన మాట అనుకుందామె. ఇట్లాంటి తెలివే మన ఆడవాళ్ల కొంప ముంచుతుంది.

ఇచ్చేసిన నిద్ర బావిలో నీళ్లలా మళ్లీ ఊరదు. మొదట్లో బాగానే ఉంది, చాటలో బీడీలు ఎక్కువ పడేవి. తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు పడసాగింది. వేళ్లు వణికి బీడీలు వదులైతే కంపెనీవాళ్లు కట్టలు తిప్పి పంపారు. ఒకరోజు కూతుర్ని పిలవబోతే సరిత అన్న పేరే నోటికి రాలేదు. ఆరోజు బాలమణి భయపడి ఏడ్చింది.

కోరుట్ల డాక్టరు బీపీ, షుగరు చూసి మొహం ముడుచుకున్నాడు. "గోలీలు రాస్త గని, నిద్ర లేకుంటె ఏ గోలీ పనిజెయ్యదమ్మా. గుండె మీదికొస్తది. ఎవరికన్న ఇచ్చినవా?"

"మా ఆయినకు పంపిన."

"అందరు గట్లనే జేస్తరు. అడిగి తెప్పిచ్చుకో."

ఆమె ఫోను చేసి అడిగేసరికి జలపతి దగ్గర ఆ నిద్ర లేదు. ఊరి నుంచి ఏం వచ్చినా గదిలో అందరూ పంచుకోవాలి, అది అక్కడి మర్యాద. తొక్కు పంచినట్టే నిద్రనూ పంచేశాడు.

"అందరు ఇంటి మొకం సూడనోళ్లేనాయె. నేనొక్కన్నే ఎట్ల పండుకుందునే? నాకు పిడికెడు మిగిలింది."

"మరి నాకెట్ల?"

"నువ్వు ఫికర్ వెట్టుకోకు. పంపిస్త."

ఎక్కడి నుంచి పంపుతావని ఆమె అడగాల్సింది. అడిగేపాటి తెలివి కూడా ఆమెకు మిగల్లేదు.

కొన్నాళ్లకు సెలవుకొచ్చిన ఇంకో మనిషి మూట తెచ్చిచ్చాడు. చీరముక్క ఆమెదే, లోపలి నిద్ర మాత్రం ఆమెది కాదు. సిమెంటూ చెమటా కలిసిన జలపతి వాసన వేసింది. మిగిలిన పిడికెడే కాదు, తన సొంత నిద్ర కూడా ఊడ్చి కట్టేశాడు. బాలమణికి అది తెలిసింది. తెలిసినా చేతులు ఆగలేదు. పస్తున్న మనిషి అన్నం ముందు ఆగనట్టే, మూట విప్పి అందులో మొహం పెట్టేసింది.

మర్నాడు పొద్దెక్కినా లేవలేదు. సరిత వెళ్లి చూస్తే అమ్మ చేతి వణుకు ఆగిపోయి ఉంది, మొహం తేటపడింది. ఆ పిల్ల సంతోషంగా పొయ్యి అంటించింది.

మధ్యాహ్నం పక్కింటి వెంకటవ్వకు దేవదాస్ ఫోను చేశాడు. పరంజా మీద జలపతి తూలి పడిపోయాడట. ప్రాణం అక్కడికక్కడే పోయిందట. ఉన్న నిద్రంతా ముందే ఇంటికి పంపేశాడని కూడా చెప్పాడు.

వాడకట్టంతా బాలమణి వాకిట్లోకి వచ్చి నేలమీద కూర్చుంది. ఎవరూ గట్టిగా ఏడవలేదు. చెప్పాలి కదా అని ఒకామె తలుపు దాకా వెళ్తే వెంకటవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది జలపతి నిద్రనే. ఒడిసెదాక పండనియ్యుండ్రి. మల్ల ఎన్నడు పండుతదో ఏమో."

సరిత చున్నీ నోట్లో కుక్కుకుని గడప మీద కూర్చుంది. లోపల అమ్మ గురక పెడుతోంది. అమ్మకు ఎన్నడూ గురక లేదు. అది నాన్నది.